అక్షరధర్మం పాటించిన బ్రౌన్ దొర

మా రొళ్ల సీమ మూడు భాషల కూడలి. ఇంట్లో అమ్మతో ఉర్దూ మాట్లాడి, వీధిలోకి వచ్చి తెలుగు మాట్లాడి, రెండు మైళ్లు నడిచి సరిహద్దు దాటగానే కన్నడంలో బేరమాడగల విద్యార్థులు మా కళాశాలలో ఎందరో ఉన్నారు. మా వార్షిక సంచికకు కూడా రెండు ముఖాలున్నవి. ఎడమ చేతి వైపు నుండి తెరిస్తే తెలుగు, కుడి చేతి వైపు నుండి తెరిస్తే ఉర్దూ. రెండు భాషలూ నడుమ ఒక పుటలో కలుసుకొంటవి. ఆ పుటలో విద్యార్థుల పేర్ల పట్టిక వేయడం మాకు అలవాటు.

ఆ పట్టికను దిద్దే సమయంలోనే మాకొక సంగతి అనుభవానికి వచ్చింది. ఒక విద్యార్థిని వచ్చి, తన పేరులోని ఫకారం పకారంగా అచ్చయినదని ఎంతో మెల్లగా చెప్పినది. ఇది ఇక్కడ మాత్రమే జరిగిన పొరపాటు కాదట. ఒక ధ్రువపత్రంలో ఒక తీరుగా, బ్యాంకు పుస్తకంలో మరొక తీరుగా ఆమె పేరు నమోదయి ఉన్నది. రెండు కాగితాలలోని మనిషి ఒక్కతేనని నిరూపించుకొనడానికి ఆమె తండ్రి రెండు రోజుల కూలి పోగొట్టుకొని కచేరీల చుట్టూ తిరిగినాడు. ఒక్క అక్షరం, ఆ అక్షరం కింద ఒక్క చిన్న గీత. ఎవరి చేతిలోనో అది జారిపోయినందుకు ఒక కుటుంబం రెండు పూటల అన్నం పోగొట్టుకొన్నది.

అక్షరాన్ని ఉన్నది ఉన్నట్లు అచ్చు వేయడం కేవలం ముద్రాపకుని పని అని మనం అనుకొంటాము. అది ధర్మమని నమ్మి, దాని కొరకు జీవితంలో అధిక భాగాన్నీ, జీతంలో అధిక భాగాన్నీ ఖర్చు చేసిన ఒక మహనీయుడు మన పొరుగు జిల్లా కడపలో నివసించినారు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన కథను ఈ సంచికలో చెప్పుకొనడం సముచితమని మేము భావించినాము.

బ్రౌన్ 1798వ సంవత్సరం నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించినారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యులు, బహుభాషావేత్త. పిల్లలకు హీబ్రూ, గ్రీకు, లాటిను వంటి ప్రాచీన భాషలతో పాటు అరబ్బీ, పారసీ, హిందూస్థానీ భాషలను కూడా చిన్ననాటనే పరిచయం చేసిన తండ్రి ఆయన. తెలుగు దేశంలో పేరు పొందవలసిన ఈ బాలునికి తెలుగు కంటె ముందుగా అందిన భారతీయ భాష హిందూస్థానీ, అనగా మన ఉర్దూకు తోబుట్టువు. ఇది ఉర్దూ, తెలుగు రెండింటినీ చదివే మన విద్యార్థులు గమనింపదగిన విషయం.

ఆ కుటుంబం కొంతకాలం హుగ్లీ నదీతీరాన శ్రీరాంపూర్ దాపున ఆల్డీన్ అనే ఇంటిలో నివసించినది. శ్రీరాంపూర్ పేరు వినగానే అచ్చు చరిత్ర తెలిసినవారికి విలియం కేరీ ముద్రణాలయం జ్ఞాపకం వస్తుంది. భారతదేశపు అనేక భాషల లిపులకు అచ్చు అక్షరాలు చెక్కి, పోత పోసి, గ్రంథాలు ముద్రించిన మహా కర్మాగారం అది. తెలుగు అక్షరాలు కూడా అక్కడ తయారయినవి. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలం ఆ ముద్రణాలయం అగ్నికి ఆహుతి అయినది. కాగితపు దొంతరలు, వ్రాతప్రతులు, అనేక భాషల అచ్చు అక్షరాలు కాలి కరిగిపోయినవి. కాని అక్షరాల అచ్చులను గుద్దే ఉక్కు పంచీలు శిథిలాలలో చెక్కుచెదరక దొరికినవి. వాటితోనే మరల పోత పోసి కొన్ని మాసాలలో అచ్చుపని కొనసాగించినారు. అదే సంవత్సరం జూన్‌లో డేవిడ్ బ్రౌన్ మరణించినారు. పదమూడేండ్ల బాలుడు చార్లెస్ కుటుంబంతో ఇంగ్లండుకు వెళ్లినారు.

ఇక్కడ అచ్చు అక్షరం సంగతి కొంత చెప్పుకొనవలెను. ఇంగ్లీషుకు ఇరవైయారు అక్షరాలు. పెద్దవీ చిన్నవీ అంకెలూ కలిపినా కంపోజిటరు గళ్ల పెట్టెలో వంద గళ్లు దాటవు. మన తెలుగు అట్లు కాదు. ఒక్క కకారానికే తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం ఉన్నవి. ఇవి అక్షరానికి పక్కన నిలువవు. కొన్ని నెత్తిన కూర్చుంటవి, కొన్ని అక్షరంతో కలిసిపోయి దాని రూపునే మార్చివేస్తవి. ఒత్తులు కిందికి దిగుతవి. సీసపు దిమ్మ మీద దిమ్మ పేర్చి పంక్తి కట్టే కంపోజిటరుకు పైనొక వరుస, నడుమ నొక వరుస, కింద నొక వరుస సరిపోవలెను. అందుచేత తెలుగు గళ్ల పెట్టెలో వందల కొద్దీ దిమ్మలు అవసరమయినవి. ఒక గడిలో పడవలసిన ఒత్తు పక్క గడిలో పడితే ఫకారం పకారమవుతుంది. మా విద్యార్థిని పేరుకు జరిగిన అపకారం ఆ నాటిదే.

ఉర్దూకు ఇంకొక విధమైన కష్టం వచ్చినది. నస్తాలీఖ్ లిపిలో పదం పై నుండి కిందికి వాలుగా జారుతుంది. అక్షరం తన పొరుగు అక్షరాన్ని బట్టి రూపు మార్చుకొంటుంది. ఆ వాలును సీసపు దిమ్మలలో బంధించడం దుస్సాధ్యమై, ఉర్దూ పత్రికలు దీర్ఘకాలం కాతిబుల చేతివ్రాతను రాతి అచ్చుతో ముద్రించుకొన్నవి. 1981లో మీర్జా అహమద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్‌తో గాని ఉర్దూకు కంప్యూటరు అచ్చు సుసాధ్యం కాలేదు. తెలుగు, ఉర్దూ లిపులు చూపుకు ఒకటి గుండ్రన, ఒకటి వాలు. అచ్చుయంత్రం ముందు రెండింటి అవస్థ ఒక్కటే.

బ్రౌన్ ఇంగ్లండులో హెయిలీబరీ కళాశాలలో కుంపిణీ ఉద్యోగానికి తగిన శిక్షణ పొంది 1817 ఆగస్టులో మద్రాసు చేరినారు. ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు గారి వద్ద తెలుగు అక్షరాలు దిద్దినారు. మద్రాసు చేరేనాటికి ఆయనకు పద్దెనిమిదేండ్లు. 1820లో పరీక్ష నెగ్గి కడప కలెక్టరు వద్ద సహాయకునిగా నియమితులయినారు. దత్తమండలాలలో ప్రజలు మాట్లాడే తెలుగు ఆయన చెవిన పడినది ఈ కడపలోనే. రైతు మాట ఒక తీరు, గుమస్తా మాట ఒక తీరు, పండితుని మాట మరొక తీరు. కచేరీలో వినబడే అర్జీ, బకాయి, జమాబందీ, రసీదు, వకీలు ఇవన్నీ పారసీ, అరబ్బీ వైపు నుండి వచ్చి తెలుగులో కాపురం పెట్టిన మాటలు. ఏ మాటను ఎవరు ఎట్లు పలుకుచున్నారో వినడం ఆయనకు అప్పటినుండి అలవాటయినది.

తరువాత మచిలీపట్నం, రాజమహేంద్రవరం ఆయన ఉద్యోగ స్థానాలయినవి. కడపలోను, మచిలీపట్నంలోను ఆయన తమ ఖర్చుతో పిల్లలకు ఉచిత పాఠశాలలు నడిపించినారు. 1824లో అబ్బే దుబాయ్ అనే ఫ్రెంచి మతాచార్యుని గ్రంథం ద్వారా వేమన పేరు ఆయన దృష్టికి వచ్చినది. జనం నాలుకల మీద ఉన్న కవి పండితుల పీటల మీద లేడు. వేమన పద్యాల తాళపత్ర ప్రతులు ఊరూరా వెతికించి తెప్పించినారు. ఏ రెండు ప్రతులూ ఒక్క తీరుగా లేవు. ఒక ప్రతిలో ఉన్న మాట మరొక ప్రతిలో లేదు. తాటాకు మీద మాటకూ మాటకూ నడుమ ఎడం ఉండదు. విరామ చిహ్నాలు ఉండవు. పద్యం ఎక్కడ ముగిసి ఎక్కడ మొదలయినదో వ్రాయసగాని దయ. బ్రౌన్ అన్ని ప్రతులనూ ఎదురెదురుగా పెట్టి సరిచూపించి, పాఠాలు నిర్ణయించి, 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో 1829లో మద్రాసు కళాశాల ముద్రణాలయంలో అచ్చు వేయించినారు. 1839లో ఆ సంఖ్యను 1164కు పెంచి మరల ప్రకటించినారు.

1826లో కడపకు తిరిగి వచ్చిన బ్రౌన్ అక్కడ ఒక బంగళా కొని దానినే పండిత సభగా మార్చినారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులు ఆ సభలో ప్రముఖులు. వారి జీతాలు, వ్రాయసగాండ్ర జీతాలు, కాగితం, సిరా, తాళపత్రాల ఖరీదు అన్నీ బ్రౌన్ జేబు నుండి వెళ్లినవి. జీతం చాలక అప్పులు కూడా చేసినారు. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పవలసి ఉన్నది. బ్రౌన్ పేరుతో వెలువడిన గ్రంథాల వెనుక ఈ పండితుల కండ్లు, చేతులు ఉన్నవి. ఆకు చదివినవారు వారు, వ్యాఖ్య వ్రాసినవారు వారు. బ్రౌన్ చేసినది వారిని ఒకచోట చేర్చి, అన్నం పెట్టి, ఒక పద్ధతి నేర్పి, పని తుదముట్టేదాకా వదలకపోవడం. ఇది తక్కువ పని కాదు. అయినను వారి పేర్లు మరచి ఆయన పేరు ఒక్కటే స్మరించడం అక్షరధర్మం కాదు.

ఆయన స్వభావాన్ని తెలిపే ఒక సంఘటన 1832, 1833 సంవత్సరాల గుంటూరు కరువు కాలంలో జరిగినది. నందన కరువని జనం చెప్పుకొన్న ఆ కాటకంలో వేలకు వేలు జనం చనిపోయినారు. ప్రభుత్వ కాగితాలలో కరువు అనే మాట వాడక, ఎద్దడి అనో కొరత అనో వ్రాయడం పై అధికారులకు ఇష్టం. బ్రౌన్ మాత్రం కరువును కరువనే వ్రాసినారని, అందుకు పై వారి ఆగ్రహానికి గురి అయినారని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పినారు. అక్షరం విషయంలో ఎట్లో, మాట విషయంలోను అట్లే. ఉన్నదానిని ఉన్న పేరుతో వ్రాయడం ఆయన నియమం.

1835లో లండనుకు వెళ్లి మూడేండ్లు అక్కడ గడిపినారు. ఇతరులు సెలవును విశ్రాంతికి వాడుకొంటారు. బ్రౌన్ ఇండియా హౌస్ గ్రంథాలయంలో ఎవరూ ముట్టక పడి ఉన్న దక్షిణదేశపు వ్రాతప్రతులను వెలికితీసినారు. 2106 గ్రంథాలు ఆయన ప్రయత్నం వల్ల మద్రాసుకు తిరిగి చేరినవి. తాము స్వయంగా సేకరించిన ప్రతులను కూడా తరువాత మద్రాసులోని సాహిత్య సమాజానికి అప్పగించినారు. నేటి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఆ సంపద భాగమయినది.

1838లో మద్రాసుకు తిరిగి వచ్చిన ఆయనకు ప్రభుత్వం ఇచ్చిన ఉద్యోగం పారసీ అనువాదకుడు. తరువాత తెలుగు అనువాదకుడు, పోస్టుమాస్టర్ జనరల్ పదవులు కూడా నిర్వహించినారు. పగలు కచేరీ, తెల్లవారుజామున, రాత్రి తెలుగు. ఈ కాలంలోనే ఆయన ప్రధాన గ్రంథాలు వెలువడినవి. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు, తరువాత ఇంగ్లీషు తెలుగు నిఘంటువు. వసుచరిత్ర, మనుచరిత్ర వంటి ప్రబంధాలు వ్యాఖ్యానాలతో అచ్చయినవి.

ఇక ఈ వ్యాసానికి ముఖ్యమైన విషయం. తెలుగులో చకారం ఒక్కటే వ్రాస్తాము, రెండు విధాల పలుకుతాము. చేప, చిలుక అనునపుడు నాలుక అంగిటికి తగులుతుంది. చలి, చాప అనునపుడు దంతాల వెనుకకు తగులుతుంది. జకారమూ ఇంతే. తల వెంట్రుకలు అల్లిన జడ ఒక పలుకు. చైతన్యం లేని జడ పదార్థమన్నప్పటి జడ మరొక పలుకు. వ్రాతలో రెండూ ఒక్కటే. తెలుగువాడు అలవాటు వల్ల ఏది ఎక్కడో తెలిసికొంటాడు. పరభాషవాడు ఎట్లు తెలిసికొనవలెను? బ్రౌన్ తామే పరభాషవారు. నేర్చుకొనేవాని ఇబ్బంది ఆయనకు స్వానుభవం. అందుచేత ఆయన నిఘంటువు ఈ దంత్య చకార జకారాలను వేరు చేసి, అక్షరం నెత్తిన చిన్న గుర్తుతో ౘ, ౙ అని చూపినది. ఇంగ్లీషు లిపిలో ఉచ్చారణ ఇచ్చేచోట కూడా ఆ భేదాన్ని పాటించినది.

ఇది చిన్న సంగతిగా కనబడవచ్చును. కాని గుర్తు ఉన్న అక్షరం కావలెనన్న వెంటనే ముద్రణాలయంలో కొత్త దిమ్మలు కావలెను. ఒక దిమ్మ చాలదు. ౘ, ౘా, ౘు, ౘొ ఇట్లు గుణింతమంతా కావలెను. వాటికి కొత్త గళ్లు, కంపోజిటరుకు కొత్త జ్ఞాపకం, ప్రూఫు చూచేవానికి కొత్త కన్ను కావలెను. వాఁడు అనే సర్వనామానికి అరసున్న, వాడు అనే క్రియకు అది లేకపోవడం, ఏఱు, మాఱు వంటి మాటలలో బండి ఱ. ఇట్టివన్నీ తోడయితే తెలుగు నిఘంటువును అచ్చు వేయడం దేవాలయం కట్టడం వంటిది. ఒక రాయి వంకరగా పడితే పై వరుస నిలువదు.

ఇప్పుడు మన ఉర్దూ చెవితో ఒక పరిశీలన చేద్దాము. రోజు అనే మాట పారసీ రోజ్ నుండి వచ్చినది. బజారు పారసీ బాజార్. ఈ మాటలలో పారసీవాడు పలికే ధ్వని మన జకారం కాదు. ఉర్దూలో జీమ్ వేరు, జే వేరు. తెలుగువాని నోట ఆ జే చాలావరకు బ్రౌన్ గుర్తించిన ౙకారం దగ్గరకు వచ్చి కూర్చున్నది. సంస్కృతపు జకారం వద్దకు పోలేదు. అనగా ఇంటికి వచ్చిన అతిథికి తెలుగు భాష తన సొంత గదిలోనే చోటిచ్చినది. వ్రాతలో అది కనబడదు. పలుకులో వినబడుతుంది. వినగలిగిన చెవి ఉంటే.

బ్రౌన్‌కు ఆ చెవి ఉన్నది. పూర్వపు నిఘంటుకారులు అన్యదేశ్యాలను భాషలో అంటుగా చూచి వదిలివేసినారు. కచేరీలో నిత్యం వాడే మాటకు నిఘంటువులో చోటు లేదు. బ్రౌన్ 1852లో కచేరీ వ్యవహారపు మాటలతో ఇంగ్లీషు లిపిలో జిల్లా నిఘంటువు ప్రకటించినారు. 1854లో తెలుగులో వాడుకయైన మిశ్రభాషా పదాలకు, అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువు ప్రకటించినారు. ఆ పుస్తకానికే తెలుగు అక్షరమాల వివరణను కూడా జతపరచినారు. అన్యదేశ్యాల పుస్తకంలోనే అక్షరమాల వివరణ ఎందుకు? బయటి నుండి వచ్చిన మాటను సరిగా వ్రాయవలెనంటే ముందుగా మన అక్షరాల శక్తి ఎంతో, ఏది ఏ ధ్వనిని మోయగలదో తెలియవలెనని మేము అర్థం చేసికొంటున్నాము.

మన ప్రాంతానికి ఆయన చేసిన ఉపకారం వేరుగా చెప్పవలెను. అనంతపురం సంస్థానాధిపతుల యుద్ధాలను గూర్చి తెలుగులో వ్రాసి ఉన్న ఒక స్థానిక చరిత్రను ఆయన సేకరించి, ఇంగ్లీషులోకి అనువదించి 1853లో మద్రాసులో ప్రకటించినారు. హైదర్ అలీ, టిప్పు సుల్తాను చరిత్రను మరాఠీ నుండి అనువదించి 1849లో వెలువరించినారు. హిందువుల, మహమ్మదీయుల కాలగణన పద్ధతులను రెండింటినీ వివరించే గ్రంథాన్ని 1863లో ప్రకటించినారు. ఒకే గ్రామంలో పంచాంగం ఒక ఇంటిలో, హిజ్రీ తేదీ మరొక ఇంటిలో, ఫసలీ లెక్క కరణం ఇంటిలో ఉన్న దేశానికి ఇట్టి పుస్తకం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

1855లో బ్రౌన్ భారతదేశం విడిచి లండను చేరినారు. అక్కడ కూడా తెలుగును వదలలేదు. 1857లో వ్యాకరణం రెండవ కూర్పు వచ్చినది. 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో గౌరవ తెలుగు ఆచార్య పదవి స్వీకరించినారు. పెండ్లి చేసికొనలేదు. 1884 డిసెంబరు 12వ తేదీన 86 ఏండ్ల వయసులో లండనులో కన్నుమూసినారు.

ఆయన నిఘంటువు మాత్రం కన్నుమూయలేదు. వెంకటరత్నం, కాంబెల్, కందుకూరి వీరేశలింగం గార్ల సంస్కరణతో 1903లో రెండవ కూర్పు వెలువడినది. దానిని షికాగో విశ్వవిద్యాలయం వారు కంప్యూటరులో చూచుకొనే వీలు కలిగించినారు. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలంలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి దీక్ష ఫలితంగా, ఆయన పేరనే గ్రంథాలయం వెలసినది. మా విద్యార్థులు విహారయాత్రకు వెళ్లినప్పుడు గండికోటతో పాటు దానిని కూడా చూచి రావలెనని మా కోరిక.

బ్రౌన్ కాలపు సీసపు దిమ్మలు నేడు లేవు. గళ్ల పెట్టె స్థానంలో కంప్యూటరు వచ్చినది. కష్టం తీరినదా అంటే, రూపు మార్చుకొన్నది. మొదట వచ్చిన తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మగా మాత్రమే ఉండేది. లోపల దాని గుర్తింపు ఏదో ఇంగ్లీషు అక్షరానిది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పుటంతా అర్థంలేని గీతలయ్యేది. ఆ తరువాత ప్రపంచ భాషల లిపులన్నింటికీ ఒకే పట్టిక యూనికోడ్ ఏర్పడినది. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు లభించినది. తెలుగు లిపికి కేటాయించిన గళ్లు 128. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క సంఖ్య. ఫాంటు మారినా సంఖ్య మారదు. అరసున్న, బండి ఱ ఆదిలోనే అక్కడ చోటు పొందినవి.

బ్రౌన్ నిఘంటువులోని ౘ, ౙలకు మాత్రం మొదట అందులో గడి లేదు. నిఘంటువును కంప్యూటరులోకి ఎక్కింపదలచినవారికి ఆ రెండు అక్షరాలు లేక చేతులు కట్టివేసినట్లయినది. 2008లో వెలువడిన 5.1 కూర్పులో వాటికి చోటు దొరికినది. నూట యాభై సంవత్సరాల క్రితపు పుస్తకంలోని రెండు గుర్తుల కొరకు ప్రపంచ ప్రమాణమే రెండు గళ్లు తెరచినది. ఇంకొక సంగతి మన ఉర్దూ విద్యార్థులకు మరింత సంతోషం కలిగిస్తుంది. పరభాషా ధ్వనులను తెలుపడానికి అక్షరం కింద పెట్టే చుక్క, నుక్తా, కన్నడ లిపికి 2003లో లభించినది. తెలుగు లిపికి 2021లో, 14వ కూర్పులో లభించినది. జీమ్ వేరు, జే వేరని తెలుగు లిపిలో చూపదలచినవారికి ఇక ప్రమాణంలో అడ్డు లేదు. ఫాంటు తయారుచేసేవారు ఆ గుర్తును తమ ఫాంటులో చేర్చవలెను. చేర్చని ఫాంటులో ఆ చుక్క స్థానంలో ఖాళీ పెట్టె కనబడుతుంది. అది అక్షరదోషం కాదు, ఫాంటు లోపం. ఈ భేదం తెలియక అక్షరాన్నే తీసివేసేవారు ఉన్నారు.

ఇంకొక చిన్న మర్మం. నూర్‌జహాన్ అనే పేరును తిన్నగా కొట్టితే రకారం జకారంతో కలిసి నూర్జహాన్ అని ఒత్తుగా మారుతుంది. పొల్లు పొల్లుగా నిలువవలెనంటే నడుమ కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి వేయవలెను. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కనబడదు, కాని అది ఉన్నచోట రెండు అక్షరాలు కలియవు. మస్తాన్‌వలి, ఇక్‌బాల్ వంటి పేర్లకు ఇది మిక్కిలి అక్కర. దీనిని ఎరుగని చేతులు ఎన్నో పేర్లను ఒత్తుల కింద నలిపివేసినవి. ఎరిగిన చేతులకు ఒక్క మీట చాలు.

విద్యార్థులారా! బ్రౌన్ జీవితం నుండి మేము గ్రహించిన పాఠం మూడు క్రియలలో చెప్పవచ్చును. మొదట వినడం, తరువాత సరిపోల్చడం, ఆ తరువాతనే అచ్చు వేయడం. ఆయన రైతు నోటి నుండి విన్నారు, గుమస్తా నోటి నుండి విన్నారు. నాలుగు ప్రతులు ఎదురెదురుగా పెట్టుకొన్నారు. అక్షరం లేకపోతే మాటను అక్షరానికి తగ్గించలేదు. మాటకు తగిన అక్షరాన్ని తెచ్చి పెట్టినారు. యంత్రంలో లేదు గనుక నీ పేరు ఇట్లే ఉండనీ అని చెప్పడం సులభం. ఆయన ఆ సులభమార్గాన నడువలేదు. పరదేశి అయిన ఒక అధికారి మన భాషకు ఇంత చేయగా, పక్క బెంచీలో కూర్చున్న తోటి విద్యార్థి పేరును సరిగా వ్రాయడానికి మనకు ఏమి అడ్డు?

కళాశాల కార్యవర్గం వారికి మా విన్నపం ఒకటి. ఈ సంవత్సరం నుండి పేర్ల పట్టికను అచ్చుకు పంపే ముందు ప్రతి విద్యార్థి చేత తన పేరును తెలుగులోను, ఉర్దూలోను స్వహస్తంతో వ్రాయించవలెను. ఆ కాగితాన్ని ప్రూఫు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడవలెను. ధ్రువపత్రాలలో ఇదివరకే ఉన్న వ్రాతతో భేదం కనబడితే, తోచినట్లు దిద్దక, విద్యార్థినీ తల్లిదండ్రులనూ అడిగి నిర్ణయించవలెను. పేరు వారిది. దానిని మోసేది మాత్రమే మన పని.

ఈ సంచిక తెలుగు పుటలను, ఉర్దూ పుటలను కలిపే నడిమి పట్టికను ఈసారి మేము అట్లే తయారుచేసినాము. నిరుడు పకారమయిన ఆ ఫకారాన్ని ఆ విద్యార్థినియే వచ్చి ప్రూఫులో తన చేతితో దిద్దినది. చూచి, ఏమీ అనక, చిరునవ్వు నవ్వి వెళ్లిపోయినది. ఈ సంచికకు అంతకు మించిన ప్రశంస మాకు అక్కరలేదు.